పుట్టపర్తి రన్‌వే ఎవరి కోసం?

పుట్టపర్తి నుంచి విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరానికి గగనమార్గంలో దూరం సుమారు 415 కిలోమీటర్లు. విశాఖపట్నానికి దాదాపు 700. డెబ్బై మంది పట్టే చిన్న ఏటీఆర్ విమానం ఎక్కినా గన్నవరంలో గంటా పది నిమిషాలకు దిగవచ్చు, విశాఖలో గంటా నలభై నిమిషాలకు దిగవచ్చు. ఈ కొసన రన్‌వే ఉంది. ఆ కొసనా ఉంది. అయినా ధర్మవరం మనిషి విశాఖ వెళ్లాలంటే ఇవాళ సాయంత్రం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అనంతపురం, నంద్యాల, గుంటూరు, విజయవాడ ఒక్కొక్కటీ దాటుకుంటూ రేపు పొద్దెక్కాక దిగాలి. బెర్తు దొరికితేనే ఈ మాత్రం సుఖం. సంక్రాంతికో దసరాకో దొరక్కపోతే జనరల్ పెట్టెలో తలుపు దగ్గర తెల్లవార్లూ నిలబడాలి. గంటన్నర చిల్లర దూరం మాకు ఒక రాత్రీ ఒక పూటా ఎందుకయింది? అడ్డంగా సముద్రముందా, హిమాలయాలున్నాయా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రజలు ప్రభుత్వాన్ని కొత్త విమానాశ్రయం కట్టమని అడగడం లేదు. భూమి సేకరించమనీ అడగడం లేదు. ఉన్నదాన్ని వాడమని అడుగుతున్నారు. పుట్టపర్తి విమానాశ్రయం 1990 నవంబరులో ప్రారంభమైంది. సర్కారు ఖజానాతో కాకుండా శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు డబ్బుతో లేచిన కట్టడం అది. దాని రన్‌వే పొడవు సుమారు 2,230 మీటర్లు. 2021లో ఎంతో ఆర్భాటంగా తెరిచిన కర్నూలు ఓర్వకల్లు విమానాశ్రయం రన్‌వే 2,000 మీటర్లు. అంటే ముప్పై ఏళ్ల ముందు కట్టిన మా రన్‌వేనే పొడవైనది. ఓర్వకల్లు మీద మాకు అసూయ లేదు. అక్కడ విమానం దిగిన రోజు సీమలో ప్రతివాడూ సంతోషించాడు. కానీ అంతకంటే పొడవైన రన్‌వే, టెర్మినల్‌తో సహా సిద్ధంగా ఉన్నచోట టికెట్టు కొని ఎక్కే విమానం ఒక్కటీ ఎందుకు లేదు?

ఒకప్పుడు ఇలా లేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు ఇక్కడ దిగిన రోజులున్నాయి. చాలా జిల్లా కేంద్రాల్లో విమానం నీడ కూడా పడని కాలంలో, దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలోని ఓ మారుమూల ఊరికి విమానం వచ్చింది. చిత్రావతి ఒడ్డున ఒక పల్లె ప్రపంచానికి తలుపు తీసింది. ఆ తర్వాతి ఏడాదే, 1991 నవంబరులో, పుట్టపర్తి పక్కనే ప్రశాంతిగ్రామంలో ట్రస్టు కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. ఆపరేషన్‌కు రూపాయి తీసుకోని ఆసుపత్రి అది. మరి నాలుగేళ్లలో జిల్లాలోని ఏడు వందలకు పైగా పల్లెలకు ట్రస్టు డబ్బుతోనే తాగునీటి గొట్టాలు పడ్డాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్లకు మంచినీళ్లందాయి. ఇంత చేసిన నేలకు ప్రభుత్వాలు తిరిగి ఏమిచ్చాయి? ఉన్న విమానం కూడా ఆగిపోతే, మళ్లీ రప్పించే బాధ్యత ఎవరూ నెత్తికెత్తుకోలేదు.

2025 నవంబరులో సత్యసాయి శతజయంతి ఉత్సవాలు జరిగాయి. 19వ తేదీన ప్రధానమంత్రి ఈ విమానాశ్రయంలోనే దిగారు. ముఖ్యమంత్రి, ఉపముఖ్యమంత్రి ఎదురేగి స్వాగతం పలికారు. మూడు రోజుల తర్వాత రాష్ట్రపతి పుట్టపర్తి వచ్చారు. ఆ వారం రన్‌వే పొట్టిదని ఎవరైనా అన్నారా? భద్రత చాలదన్నారా? గిట్టుబాటు కాదన్నారా? దేశాధినేతల విమానం దిగడానికి పనికొచ్చిన నేల, పట్టుచీరలు అమ్ముకునే మనిషి ఎక్కే విమానానికి పనికిరాకుండా ఎలా పోతుంది? పెద్దలు వచ్చినప్పుడు తెరుచుకునే గేటు, వాళ్లు వెళ్లగానే మా మొహాన మూసుకుంటోంది. చార్టర్డ్ విమానం కిరాయికి తెచ్చుకోగలవాడికి ఇది విమానాశ్రయం. మాకు మాత్రం బస్సు కిటికీలోంచి కనిపించే ప్రహరీ గోడ.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, ఈ మూడు ఊళ్లు ఎలాంటివో తెలియకనా ఈ నిర్లక్ష్యం?

ధర్మవరంలో ఏ వీధికి వెళ్లినా మగ్గం చప్పుడు వినిపిస్తుంది. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నేతగాడు జకార్డు అట్టల కింద ఒక్కో పోగూ చూసుకుంటూ కొంగు నేస్తుంటాడు. రెండు రంగుల పట్టు కలిసి ఎండలో ఒక రంగు, నీడలో ఒక రంగు చూపే చీర అది. కొంగు నిండా జరీ. మంచి చీర ఒకటి మగ్గం దిగాలంటే ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కూర్చోవాలి. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీర, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ విజయవాడ, రాజమండ్రి, విశాఖ దుకాణాల్లో ఉండాలి. వ్యాపారి ఏం చేస్తాడు? చీరలు అట్టపెట్టెల్లో సర్ది, గోతాంలో కుట్టి, రైలుకు వేస్తాడు. లేదంటే తనే ఆ మూట బెర్తు కింద పెట్టుకుని, కాలితో తడుముకుంటూ, రాత్రంతా కన్నార్పకుండా వెళతాడు. మర్నాడు దుకాణాల చుట్టూ తిరిగి, ఆ రాత్రి మళ్లీ రైలెక్కి, మూడో రోజు ఇల్లు చేరతాడు. విమానం ఉంటే ఉదయం వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేవాడు. ఏటా ఇలా కరిగిపోయే రోజుల ఖరీదు ఎవరి పద్దులో రాస్తున్నారు?

పెనుకొండ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం కుప్పకూలితే, తిరుమల దేవరాయలు రాజ్యాన్ని నిలబెట్టింది ఈ కొండ కిందే. ఆనాడు ఒక సామ్రాజ్యానికి రాజధానిగా వెలిగిన ఊరిది. గగన్‌మహల్ ఇప్పటికీ నిలిచి ఉంది. ఒకనాడు దక్షిణాది దారులన్నీ ఇటు వచ్చేవి. ఇవాళ 44వ నంబరు జాతీయ రహదారి పక్కనుంచే పోతుంది. దాని మీద వాహనాలు పోతూనే ఉంటాయి, ఊరు మాత్రం చూస్తూ ఉండాలి. అదే మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నాలుగేళ్లలో, 2023 జూలై నాటికి పది లక్షల కార్లు బయటికి పంపింది. కొరియా ఇంజనీర్లు వచ్చి కాపురాలు పెట్టిన నేల ఇది. వాళ్లకు కావలసిన విడిభాగాల కంపెనీలు చుట్టూ లేచాయి. అక్కడి నుంచి పుట్టపర్తి రన్‌వే గంటలోపు దారి. పది లక్షల కార్లు పుట్టిన చోట పది మంది ఎక్కే విమానం లేదంటే ఏ దేశంలో నమ్ముతారు?

ఇక హిందూపురం. చింతపండు మార్కెట్టుకీ పట్టుగూళ్ల మార్కెట్టుకీ రాష్ట్రమంతా పేరున్న ఊరు. 2011 లెక్కల్లోనే లక్షన్నర జనాభా. పక్కనే 15 కిలోమీటర్లలోపు లేపాక్షి. ఏకశిలా నంది, నేలకు ఆనని స్తంభం, కప్పు మీద విజయనగర కాలపు వర్ణచిత్రాలు. వీరభద్రాలయాన్నీ నందినీ యునెస్కో తాత్కాలిక జాబితాలో 2022లో చేర్చారు. 2024 జనవరి 16న ప్రధాని ఆ గుడికి వచ్చి పూజ చేసి, పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీని ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి అధికారులు శిక్షణకు వచ్చే సంస్థ అది. వాళ్లంతా ఎక్కడ దిగుతారు? పొరుగు రాష్ట్రంలో. తెలుగు శిల్పికి, తెలుగు చిత్రకారుడికి పుట్టిల్లు లాంటి లేపాక్షిని చూడాలనుకున్న శ్రీకాకుళం టీచరమ్మ, కాకినాడ విద్యార్థి ఎన్ని గంటలు ప్రయాణించాలి? సొంత రాష్ట్రంలో ఉన్న గుడి కంటే బయటి రాష్ట్రాల గుళ్లు వాళ్లకు దగ్గరయ్యాయి.

వీటన్నిటికంటే గుండెను పిండేది ప్రశాంతిగ్రామం ఆసుపత్రికి వచ్చేవాళ్ల ప్రయాణం. ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి గుండె జబ్బు మనుషులు ఇక్కడికి రైళ్లలో వస్తారు. స్టేషన్‌లో దిగేటప్పుడు చూడండి. ఒక చేతిలో ఎక్స్‌రే కవరు, ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టిన పాత చీటీలు, ఇంకో చేయి కొడుకు భుజం మీద. రెండు మెట్లు దిగి ఆయాసంతో ఆగిపోతారు. బల్ల మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంటారు. రాత్రంతా కుదుపుల్లో వచ్చిన ఆ మనిషికి ఆసుపత్రి ఉచితం. కానీ దారి? వాళ్లందరూ విమానం ఎక్కగలరని నేను అనడం లేదు. అత్యవసరమై ఎక్కక తప్పనివాళ్లకైనా, అప్పు చేసైనా ఎక్కుదామనుకున్నవాళ్లకైనా ఆ అవకాశం ఉండాలి కదా? ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే విమానాశ్రయమూ ఉండటం ఎంతటి అదృష్టం! ఆ అదృష్టాన్ని చేతులారా కాలదన్నుకున్న ప్రభుత్వాలను ఏమనాలి?

అడిగినప్పుడల్లా వచ్చే జవాబు ఒక్కటే: 'దేవనహళ్లిలో బెంగళూరు విమానాశ్రయం ఉంది కదా.' ఉంది. హిందూపురానికి అది దగ్గరే, కాదనం. కానీ ధర్మవరం నుంచి లెక్క వేయండి. గన్నవరం మాకు ఈశాన్యాన ఉంది. అటు పోవాల్సినవాడు ముందు దక్షిణానికి 150 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద పోయి, రాష్ట్రం దాటి, రెండు గంటల ముందు క్యూలో నిలబడి, విమానమెక్కి, వచ్చిన దూరమంతా గాలిలో మళ్లీ వెనక్కి రావాలి. అటు పుట్టపర్తి విమానాశ్రయం ధర్మవరానికి సుమారు 40 కిలోమీటర్లు, పెనుకొండకూ అంతే, హిందూపురానికి 65. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం పొరుగూరు పోవడమంటే ఇదే. దేవనహళ్లికి టాక్సీ కిరాయి, టోలు, పార్కింగు, రాత్రి పూట దారి భయం, ఇవన్నీ కలిపితే విమానం టికెట్టును మించిపోతాయి. తన రాజధానికి పోవడానికి పొరుగు రాష్ట్రం గుమ్మం తొక్కాల్సిన గతి ఇంకే జిల్లాకు పట్టింది?

బెంగళూరు విమానాశ్రయ ఒప్పందాన్ని అడ్డుపెట్టేవారూ ఉన్నారు. 2008 మేలో అది తెరుచుకున్ననాటి నుంచి 25 ఏళ్ల దాకా, అంటే 2033 వరకు, 150 కిలోమీటర్ల గగనదూరంలో మైసూరు, హాసన్ తప్ప మరేదీ అంతర్జాతీయ విమానాశ్రయంగా ఎదగకూడదన్న షరతు అందులో ఉన్నది నిజమే. పుట్టపర్తి ఆ పరిధిలో, 105 కిలోమీటర్ల దూరంలో ఉన్నదీ నిజమే. కానీ షరతు చెప్పేది అంతర్జాతీయ విమానాశ్రయం గురించి. మేం దుబాయ్ విమానం అడిగామా? సింగపూర్ అడిగామా? బెజవాడ విమానం అడిగాం. విశాఖ విమానం అడిగాం. దానికి ఆ కాగితం ఎలా అడ్డం వస్తుందో ఒక్క అధికారైనా మా ముందు చదివి చెప్పగలరా?

'ఉడాన్' పథకం పుట్టింది సరిగ్గా ఇలాంటి ఊళ్ల కోసమే కదా. వాడకుండా పడి ఉన్న రన్‌వేలను బతికించడం, చిన్న ఊరి మనిషిని విమానమెక్కించడం, నష్టం వస్తే సర్కారే లోటు పూడ్చడం దాని ఉద్దేశం. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, సగం సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలన్నది మొదట పెట్టిన నియమం. పుట్టపర్తి, గన్నవరం మధ్య ఉన్న 415 కిలోమీటర్లు ఆ గీత లోపలే ఉన్నాయి. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఈ పథకాన్ని ప్రారంభించిన రోజే కడప నుంచి హైదరాబాదుకు తొలి విమానాల్లో ఒకటి లేచింది. కడపకు మేలు జరిగింది, సంతోషం. 2025 జూలైలో కర్నూలు నుంచి విజయవాడకు విమానం మొదలైంది, అదీ సంతోషమే. తిరుపతికి ఎప్పటినుంచో ఉంది. రాయలసీమ పటంలో చుక్కలన్నీ వెలుగుతుంటే దక్షిణపు కొసన ఈ ఒక్క చుక్కను ఎందుకు ఆర్పేసి ఉంచారు? మేం చేసిన తప్పేమిటి? ముందే కట్టుకోవడమా? సర్కారును డబ్బు అడగకపోవడమా?

నార్వే దేశం ఉత్తర తీరంలో కొన్ని వేల మంది మాత్రమే ఉండే ఊళ్లకు 800 మీటర్ల రన్‌వేలున్నాయి. ప్రభుత్వం డబ్బిచ్చి మరీ అక్కడికి చిన్న విమానాలు నడిపిస్తుంది. మంచులో, చీకట్లో, సముద్రపు గాలుల్లో అవి దిగుతాయి. ఆ ఊళ్లు లాభం తెస్తాయా అని వాళ్లు అడగలేదు, తమ పౌరులు దూరమైపోకూడదని అనుకున్నారు. ఇక్కడ హిందూపురం, ధర్మవరం రెండు పట్టణాలే కలిపి రెండున్నర లక్షల పైమాట. రన్‌వే అక్కడి కంటే దాదాపు మూడింతలు. ఆకాశం ఏడాదిలో చాలా రోజులు మబ్బు లేకుండా ఉంటుంది. మా కరువు మాకిచ్చిన ఒక్క వరం ఆ తేట ఆకాశం, దాన్నీ వాడుకోరా?

2019 నుంచి రాష్ట్ర హైకోర్టు అమరావతిలో ఉంది. సచివాలయం అక్కడే. పెనుకొండలో పొలం తగాదా ఉన్న రైతు, హిందూపురంలో పింఛను ఆగిన గుమాస్తా, ధర్మవరంలో సబ్సిడీ రాని నేత సంఘం, అందరూ దాదాపు 500 కిలోమీటర్లు దాటి పోవాలి. వాయిదా పది నిమిషాల్లో అయిపోతుంది. దానికోసం రెండు రాత్రులు దారిలో గడుస్తాయి. వకీలును పంపినా ఆ రెండు రాత్రుల ఖర్చు కక్షిదారుడే భరించాలి. రాష్ట్రం ఒక్కటే అని వేదికల మీద చెప్పడం తేలిక. రాజధాని చుట్టుపక్కల వాళ్లకు ఆటోలో చేరే కోర్టు, మాకు మూడు రోజుల యాత్ర అయినప్పుడు ఆ ఒక్కటితనం మా అనుభవంలోకి ఎలా వస్తుంది? 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా అని కొత్త పేరు పెట్టి, పుట్టపర్తిని కేంద్రం చేశారు. జిల్లా కేంద్రంలోనే విమానాశ్రయం ఉన్న జిల్లాలు రాష్ట్రంలో ఎన్ని? ఆ కొద్దిపాటి జిల్లాల్లో ఒకటై ఉండి కూడా ఒక్క విమానానికి నోచుకోని దౌర్భాగ్యం మాది.

దేశ విమానయాన శాఖ పగ్గాలు ఈ పదేళ్లకు పైబడిన కాలంలో రెండుసార్లు తెలుగువారి చేతికొచ్చాయి. 2014 నుంచి 2018 దాకా విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గారు ఉన్నారు. ఉడాన్ ఆయన హయాంలోనే మొదలైంది. 2024 జూన్ నుంచి శ్రీకాకుళం బిడ్డ రామ్మోహన్ నాయుడు గారు ఉన్నారు. ఇద్దరూ ఉత్తరాంధ్ర వారే. పుట్టపర్తి నుంచి విశాఖకు విమానం పడితే దాని ఒక కొస వారి నేల, రెండో కొస మా నేల. ఇచ్ఛాపురం వైపు వాళ్లు గుండె ఆపరేషన్‌కు ఇటు వస్తారు, మా చీర వాళ్ల పెళ్లికి అటు పోతుంది. ఇంతకంటే దగ్గర బంధుత్వం ఉన్న రూటు మంత్రిగారికి ఇంకెక్కడ దొరుకుతుంది? 2025 బడ్జెట్‌లో రానున్న పదేళ్లలో 120 కొత్త గమ్యాలకు ఉడాన్ విమానాలన్నారు. ఆ నూట ఇరవైలో మా పేరు ఉందా లేదా? ఉంటే ఎప్పుడు? లేకపోతే ఎందుకు లేదో చెప్పే బాధ్యత ఎవరిది?

పని కొండంతేమీ లేదు. విమానాశ్రయం ట్రస్టుది, కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం ట్రస్టు పెద్దలతో కూర్చుని ప్రజా విమానాల కోసం ఒప్పందం రాసుకోవాలి. లీజా, భాగస్వామ్యమా, ఇంకేదైనానా అన్నది వాళ్లు తేల్చుకోవచ్చు. ట్రస్టు పెద్దలు కూడా ఆలోచించాలి. ఉచిత వైద్యం ఇచ్చిన సంస్థ, తాగునీరిచ్చిన సంస్థ, తాను కట్టిన రన్‌వే మీద సామాన్యుడు దిగడాన్ని వద్దంటుందని మేం అనుకోము. భద్రతా సిబ్బంది, అగ్నిమాపక వాహనాలు, సాధారణ సర్వీసులకు కావలసిన అనుమతులు కేంద్రం చూడాలి. మొదటి మూడేళ్లు సీట్లు నిండకపోతే వచ్చే నష్టాన్ని రాష్ట్రం, కేంద్రం పంచుకోవాలి. కర్నూలుకూ కడపకూ చేసినదే ఇది, మాకోసం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఈ ప్రాంతం ఎమ్మెల్యేలు, ఎంపీ పార్టీలు పక్కన పెట్టి ఒక్కసారి కలిసి ఢిల్లీ వెళ్లాలి. వాళ్లు వెళ్లేటప్పుడు దేవనహళ్లి నుంచే ఎక్కాల్సి వస్తుంది కనుక, ఆ దారిలో ఒక్కొక్క గంటనూ లెక్కపెట్టుకోమని మా విన్నపం.

ఉదయం ఏడింటికి పుట్టపర్తిలో లేచి, ఎనిమిదింబావుకు గన్నవరంలో దిగి, అక్కడి నుంచి విశాఖ. సాయంత్రం అదే దారిన వెనక్కి. మొదట వారానికి మూడు రోజులు చాలు. రామ్మోహన్ నాయుడు గారూ, మీ శాఖలో ఏ ఫైలులో ఉందో తెలియని ఈ రూటును బయటికి తీయించండి. తొలి విమానం తేదీ చెప్పండి. ధర్మవరం వ్యాపారులు చీరలు సర్దుకుని సిద్ధంగా ఉంటారు.